అద్దె యిల్లు – వ్యాపార నామము

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తెలుగువానికి ఇంటితో ముడిపడిన పేళ్లు రెండు గలవు. మొదటిది ఇంటిపేరు. అది వంశమునకు చెందినది, తాతముత్తాతలనుండి సంక్రమించినది. రెండవది ఇంటి పేరు. అది గుమ్మము ప్రక్క పాలరాతి పలకమీద చెక్కించునది. తల్లి పేరో, ఇలవేల్పు పేరో ముందుంచుకొని "నిలయ"మనియో "సదన"మనియో ముగియునది. ఇటీవల కొన్ని యేండ్లుగా మూడవ పేరొకటి గృహస్థుల సంభాషణలలో వినవచ్చుచున్నది. అది వ్యాపార నామము. సొంత యింటిలో ఒక వాటానో, స్వగ్రామమునకు దాపున నున్న పట్టణములో కొనిన చిన్న ఫ్లాటునో అద్దెకిచ్చుకొను గృహస్థు ఒక వ్యాపార నామమును రిజిస్టరు చేయించుకొనవలెనా, అక్కరలేదా యనునదే నేటి ప్రసంగ విషయము.

ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబమున దీని ప్రాముఖ్యము చిన్నది కాదు. ముప్పదియేండ్లు కొలువు చేసి, భవిష్యనిధినుండి కొంత, గృహనిర్మాణపు అడ్వాన్సుగా కొంత, ఇల్లాలి నగలు కుదువబెట్టి మరికొంత కూర్చి కొనిన యిల్లది. ఉద్యోగి బ్రతికియున్నంత కాలము ఆ యద్దె పింఛనుకు చేదోడు. ఆయన తరువాత భార్యకు ఆధారము. అద్దె ఎవరి పేర వచ్చుచున్నది, రశీదుమీద ఎవరి సంతకమున్నది, ఒడంబడికలో యజమాని యెవరని వ్రాయబడినది యను సంగతులు ఆయన యున్నన్నాళ్లు ఎవరికిని పట్టవు. ఆయన లేనినాడు ఆ యిల్లాలికి పట్టును. అందుచే ఈ విషయమును ముందుగనే తేల్చుకొనుట మేలు.

ఈ సందేహము చాలవరకు సముద్రముల కావలినుండి వచ్చినది. అమెరికాలో స్థిరపడిన తెలుగు బిడ్డలనేకులు అచ్చట ఒకటి రెండిండ్లు కొని అద్దెకిచ్చుచున్నారు. అచ్చటి రాష్ట్రములు పెక్కింటిలో, సొంత పేరు గాక వేరొక పేరుతో వ్యాపారము సాగించువారు ఆ పేరును ప్రభుత్వమువద్ద దాఖలు చేయవలెను. కాలిఫోర్నియా రాష్ట్రమున దానిని కల్పిత వ్యాపార నామమందురు. కౌంటీ కార్యాలయమున దానిని దాఖలు చేసి, వారమున కొకసారి వంతున వరుసగా నాలుగు వారములు పత్రికలో ప్రకటింపవలెను. ఆ దాఖలా అయిదేండ్లు చెల్లును. అచ్చట సైతము ఈ నిర్బంధము మారు పేరు పెట్టుకొనిన వానికే గాని, తన పేరుతోనే అద్దెకిచ్చువానికి కాదు. కాని టెలిఫోను సంభాషణలలో ఈ షరతు జారిపోయి, "నాన్నగారూ! అద్దె యిల్లున్నచో పేరు రిజిస్టరు చేయించవలెనట" అను మాట మాత్రము ఇల్లు చేరుచున్నది. దానికి తోడు, రబ్బరు ముద్ర చేయించినచో అద్దెకు వచ్చువారికి గౌరవము కలుగునని చెప్పు దళారులును లేకపోలేదు.

ఇట్టి చట్టములు అసలెందుకు పుట్టినవో తెలిసికొన్నచో సగము సందేహము తీరును. ఇంగ్లండులో వ్యాపార నామముల రిజిస్ట్రేషను చట్టము 1916లో వచ్చినది. అది మొదటి ప్రపంచ యుద్ధకాలము. ఆంగ్లేయులవివలె వినవచ్చు పేళ్ల వెనుక ఏ దేశస్థులున్నారో తెలియవలెనని నాటి ప్రభుత్వము తలచినది. అనగా ఆ చట్టము పేరునకు పట్టాభిషేకము చేయుటకు పుట్టినది కాదు. పేరు వెనుక నున్న మనిషిని వెలుగులోనికి తెచ్చుటకు పుట్టినది. ఆ రిజిస్టరు 1982లో మూతపడినది. దాని స్థానమున, మారు పేరుతో వ్యవహరించువాడు తన యుత్తరములమీదను బిల్లులమీదను తన నిజమైన పేరును చిరునామాను తెలుపవలెనను నియమము మిగిలినది. పొరుగుననున్న శ్రీలంకలో ఇంగ్లండు పద్ధతిని అనుసరించి 1918లో వ్యాపార నామముల ఆర్డినెన్సు వచ్చినది.

భారతదేశమున మాత్రము ఏకవ్యక్తి నడుపు వ్యాపారపు పేరును రిజిస్టరు చేయు సాధారణ చట్టము లేదు. ఉన్న రిజిస్ట్రేషనులు వేరు. 1932 నాటి భాగస్వామ్య చట్టము క్రింద రిజిస్టరగునది భాగస్వాముల సంస్థ. కంపెనీల చట్టము క్రింద పుట్టునది కంపెనీ. ట్రేడ్ మార్కుల చట్టము క్రింద రక్షణ పొందునది సరుకునకో సేవకో వాడు గుర్తు. దుకాణముల, వాణిజ్య సంస్థల చట్టములు ఆయా రాష్ట్రములవి. వాని ముఖ్యోద్దేశము పనివారి వేళలు, సెలవులు మొదలగు వాని కట్టుబాటు. పైవాటాను అద్దెకిచ్చి నెలకొక రశీదు వ్రాయు గృహస్థు ఈ నాలుగింటిలో దేనికిని చెందడు. కావున చట్టరీత్యా సమాధానము ఒక్క మాటలో చెప్పవచ్చును: అక్కరలేదు.

అయినచో "అక్కరలేకున్నను పెట్టుకొనిన నష్టమేమి?" యని అడుగవచ్చును. అసలు విచారింపవలసినది ఇదియే.

ఒక దృష్టాంతమును తీసికొనుడు. ఢిల్లీలో ద్వారకయందో, మయూర్ విహారునందో ఒక విశ్రాంతోద్యోగికి ఫ్లాటు కలదనుకొనుడు. ఇలవేల్పు పేరునకు "ఎస్టేట్స్" అను మాట తగిలించి ఆయన ఒక ముద్ర చేయించెను. ఒడంబడికలో ఆ పేరే. రశీదులమీద ఆ పేరే. అద్దెకున్న ఆసామి శ్రద్ధగా ఆ పేరుననే చెక్కు వ్రాసి యిచ్చెను. బ్యాంకువారు ఆ చెక్కును ఆయన సేవింగ్సు ఖాతాలో జమ కట్టరు. ఖాతా ఆయన పేర నున్నది, చెక్కు మరియొక పేర నున్నది. ఆ పేరుతో కరెంటు ఖాతా తెరువబోయినచో, రిజర్వు బ్యాంకు నిబంధనల ననుసరించి, ఆ పేర వ్యాపారము సాగుచున్నదని నిరూపించు పత్రములు రెండు కావలెనని అడుగుదురు. లేని వ్యాపారమునకు పత్రములెచ్చట దొరకును? పేరు పెట్టుట గడియ పని. దానిని పోషించుట ఏటేటి పని.

ఆరు నెలల తరువాత ఆసామి అద్దె నిలిపివేసి, న్యాయస్థానమునకు పోవలసి వచ్చినదనుకొనుడు. అచ్చట మొదటి ప్రశ్న, "వాది యెవరు?" సివిలు ప్రొసీజరు కోడు 30వ ఆర్డరు 10వ నియమము ప్రకారము, మారు పేరుతో వ్యాపారము చేయువానిపై ఆ పేరుననే దావా వేయవచ్చును. కాని వాడు ఆ పేరుతో పరులపై దావా వేయుటకు ఆ నియమము తోడ్పడదు. ఏకవ్యక్తి వ్యాపారపు పేరు ఆ వ్యక్తికి మరియొక పేరు మాత్రమే యనియు, దావా వేసినను వేయించుకొన్నను ఆ యజమానియే కక్షిదారుడనియు సుప్రీంకోర్టు 1998లో స్పష్టపరచినది. చెల్లని చెక్కు వ్యవహారమున, వ్యాపారపు పేర చెక్కు పొందినవాడు తానే దాని యజమానినని తెలుపుచు ఫిర్యాదు చేయవచ్చునని ఆంధ్రప్రదేశునుండి వెళ్లిన యొక కేసులో 2008లో ఆ న్యాయస్థానమే చెప్పినది. అనగా మారు పేరు వలన న్యాయము దొరకకపోదు. కాని పేరు ప్రక్కకు తప్పుకొని మనిషి ముందుకు రావలసినదే. మొదటినుండియు మనిషియే ముందున్నచో అర్జీల సవరణలు, వాయిదాలు కొన్నియైనను తప్పియుండెడివి.

అద్దెకున్నవాడు, తన్ను ఇంటిలోనికి అనుమతించిన యజమాని హక్కును అద్దె సాగునంతకాలము కాదనరాదను సూత్రము 1872 నాటి సాక్ష్య చట్టమున నుండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఉన్నది. చిన్న యజమానికి ఇది పెట్టని కోట. ఒడంబడికలో యజమాని స్థానమున ఊపిరి లేని పేరొకటి వ్రాసికొని, ఆ కోటకు తానే కన్నము వేసికొనుట వివేకము కాదు.

ఇక ఆదాయపు పన్ను సంగతి. వ్యాపార నామమున్నచో ఖర్చులు చూపి పన్ను తగ్గించుకొనవచ్చునను నమ్మకము పలువురికి గలదు. ఇది సరికాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము ఇంటి యద్దెకు జీతముతోను వ్యాపారముతోను కలియని ప్రత్యేక శీర్షిక నేర్పరచినది. 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2025 నాటి కొత్త చట్టమును ఆ శీర్షికను నిలిపినది. మడిగెలు అద్దెకిచ్చుటకై ఏర్పడిన యొక కంపెనీ ఆదాయము సైతము ఇంటి యాదాయమే యని 1961లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అద్దెకిచ్చుటయే ముఖ్య వ్యాపారముగా గల యొక మద్రాసు కంపెనీ విషయమున 2015లో అది వ్యాపారాదాయమే యని చెప్పినది. ఈ రెండు తీర్పుల నడుమ కొందరికి ఆశ కలిగినమాట నిజము. కాని నివాస గృహముల మట్టుకు 2024 నాటి ఆర్థిక చట్టము ఆ ద్వారమును మూసినది. సొంతదారు తన నివాస గృహమును గాని అందొక భాగమును గాని అద్దెకిచ్చి పొందు నాదాయము వ్యాపారాదాయము కాదనియు, ఇంటి శీర్షిక క్రిందనే పన్ను కట్టవలెననియు చట్టమే చెప్పినది. బోర్డుమీద ఏ పేరున్నను లెక్క మారదు.

ఆ లెక్క చిన్న యజమానికి ప్రతికూలమును కాదు. నెలకు 20,000 రూపాయల చొప్పున ఏటికి 2,40,000 వచ్చినదనుకొనుడు. పురపాలక సంఘమునకు యజమాని కట్టిన పన్ను 12,000 తీసివేయగా మిగులు 2,28,000. ఇందు నూటికి ముప్పది వంతున 68,400 రూపాయలు, మరమ్మతు చేయించినను చేయింపకున్నను, ఒక్క బిల్లయినను చూపకయే మినహాయింపు. పన్నుకు లోనగునది 1,59,600. ఇంటికై చేసిన అప్పుపై వడ్డీ యున్నచో చట్టమందలి నియమముల మేరకు అదియు తగ్గును. సున్నపు బస్తా మొదలు మేస్త్రీ కూలి వరకు చీటీలు దాచవలసిన పనిలేని యీ సౌకర్యమును వదలి, వ్యాపారపు లెక్కల వెంట పరుగెత్తుట యెందుకు?

జీ.ఎస్.టీ. భయమొకటి కలదు. నివాసముగా వాడుకొనుటకు నివాస గృహము నద్దెకిచ్చినచో, అద్దెకు తీసికొనువాడు జీ.ఎస్.టీ. రిజిస్ట్రేషను లేనివాడయినపుడు, ఆ పన్ను లేదు. ఆసామికి ఆ రిజిస్ట్రేషను ఉన్నచో 2022 జూలై 18 నుండి పన్ను కట్టు బాధ్యత ఆసామిదే. తన స్వంత నివాసమునకై స్వంత హోదాలో తీసికొను ఏకవ్యక్తి వ్యాపారికి 2023 జనవరి 1 నుండి అదియు లేదు. మడిగెలను కార్యాలయములను అద్దెకిచ్చువాని సంగతి వేరు. ఏడాదికి పన్నుకు లోబడు రాబడి సామాన్యముగా 20 లక్షలు దాటినచో రిజిస్ట్రేషను చేయించుకొనవలెను. కొన్ని ప్రత్యేక రాష్ట్రములలో ఈ హద్దు 10 లక్షలే. ఆ రిజిస్ట్రేషనును పాన్ కార్డుమీది చట్టబద్ధమైన పేరునకే యిత్తురు. వ్యాపార నామము అందొక అదనపు గడి మాత్రమే.

ఉమ్మడి యిండ్ల సంగతియు చెప్పవలెను. విజయవాడలోనో రాజమహేంద్రవరములోనో తండ్రి విడిచిన యింటిని అన్నదమ్ములు ముగ్గురు అద్దెకిచ్చి, రాబడిని మూడు పాళ్లు చేసికొందురు. అది భాగస్వామ్య సంస్థయై రిజిస్ట్రేషను లేకపోవుటచే చిక్కు వచ్చునేమో యని ఒక భయము. భాగస్వామ్య చట్టము 6వ విభాగపు వివరణయే ఈ భయమును తీర్చుచున్నది. ఒక యాస్తిపై ఉమ్మడి హక్కు గలవారు దాని రాబడిని పంచుకొనుట మాత్రముచే భాగస్వాములు కారు. ఎవరి వాటా యెంతయో తేలియున్నచో ఆదాయపు పన్నును ఎవరికి వారికే విధింతురు. కాని ఆ మువ్వురే ఒక పేరు పెట్టి, భాగస్వామ్య పత్రము వ్రాసికొని, రిజిస్టరు చేయకుండ విడిచినచో, అదే చట్టము 69వ విభాగము అడ్డుపడి ఆ సంస్థ పరులపై ఒడంబడిక హక్కుకై దావా వేయజాలకపోవును. ఊరకున్నచో లేని యిబ్బంది, పేరు పెట్టుటతో పుట్టినదన్నమాట. అన్నదమ్ములకు కావలసినది సంస్థ పేరు కాదు. ఒకరికి అద్దె వసూలు చేయు అధికారమిచ్చు పవరాఫ్ అటార్నీయు, ఏటేట సరిచూచుకొను లెక్కయు.

ఈ సభలోనివారికి అన్నిటికంటె ముఖ్యమైనది ఉద్యోగ ధర్మము. 1964 నాటి కేంద్ర సివిలు సర్వీసుల ప్రవర్తన నియమావళిలో 15వ నియమము, ప్రభుత్వపు ముందస్తు అనుమతి లేనిదే ఉద్యోగి ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని వర్తక వ్యాపారములు చేయరాదనుచున్నది. అట్టి అనుమతి లేనిదే వాణిజ్యపు కంపెనీని స్థాపించుట, రిజిస్టరు చేయించుట, నడుపుట కూడదు. కుటుంబసభ్యులు వ్యాపారము చేయుచున్నచో ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపవలెను. సొంత యింటిని అద్దెకిచ్చుట సామాన్యముగా వ్యాపారముగా నెంచబడదు. అది ఆస్తి ననుభవించు పద్ధతులలో నొకటి. ఆ యింటికే "ఎస్టేట్స్" అని గాని "ఎంటర్‌ప్రైజెస్" అని గాని పేరు పెట్టి ముద్ర కొట్టినవాడు, తాను చేయని వ్యాపారమును చేయుచున్నానని తానే చాటుకొన్నవాడగును. భార్య పేర ఆ బోర్డు కట్టినచో కుటుంబసభ్యుల వ్యాపారమను ప్రశ్న లేచును. తరువాత ఏ విచారణలోనైనను "అది పేరు మాత్రమే, వ్యాపారము కాదు" అని నిరూపించు భారము ఆ యుద్యోగి నెత్తినే పడును.

18వ నియమమునను ఉద్యోగులు జ్ఞప్తియందుంచుకొనవలెను. స్థిరాస్తిని తన పేర గాని కుటుంబసభ్యుల పేర గాని కొనుట, అమ్ముట, తాకట్టు, దానము మాత్రమే కాదు, లీజు వ్యవహారమును కూడ నిర్ణీతాధికారికి ముందుగా తెలియజేసి జరుపవలెను. ఎదుటివానితో అధికారికముగా సంబంధమున్నచో ముందస్తు అనుమతియే కావలెను. ఎ, బి తరగతుల యధికారులు ఏటేట జనవరి 31 లోపల దాఖలు చేయు స్థిరాస్తి పట్టికలో, ఆస్తి తన పేర లేనిచో ఎవరి పేర నున్నది, వారితో సంబంధమేమి, ఏడాదికి రాబడి యెంత యను గడులు గలవు. ఆ గడులలో మనిషి పేరును బంధుత్వమును వ్రాయవచ్చును గాని, ఎస్టేటు పేరునకు బంధుత్వమేమని వ్రాయుట? ఆస్తినే కల్పిత నామముతో కొనినచో అది 2016 సవరణ తరువాతి బినామీ చట్టపు నిర్వచనములోనికే వచ్చును. ఆ దారి ఆలోచనకైనను తగదు.

సొంత పేరున్నందువలన లభించు హక్కులును కలవు. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టములో 1976 సవరణ వలన చేరిన 14-ఎ విభాగము, ప్రభుత్వ క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చిన ఉద్యోగికి తన యిల్లు వెంటనే తిరిగి పొందు హక్కునిచ్చినది. ఆ యిల్లు తన పేర గాని, భార్య పేర గాని, తనపై ఆధారపడిన బిడ్డ పేర గాని ఉండవలెనని చట్టమే చెప్పినది. 1988లో చేరిన 14-సి విభాగము విశ్రాంతి పొందిన, పొందబోవు కేంద్రోద్యోగులకు అట్టి సౌకర్యమునే కల్పించినది. నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెలకు ఆ చట్టము వర్తింపదు గనుక దీని యుపయోగము నేడు పాత అద్దెలకే పరిమితము. అయినను అందలి తత్త్వము గమనింపదగినది. చట్టము కనికరించినది విశ్రాంతి పొందిన మనిషిని. సంస్థకు పదవీ విరమణ లేదు, తల దాచుకొను నవసరమును లేదు.

రిజిస్టరు చేయవలసినది అసలేదియు లేదా యన్నచో, ఉన్నది. అది పేరు కాదు, పత్రము. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 17వ విభాగము ప్రకారము ఏడాదికి మించిన గడువుగల కవుళ్లు రిజిస్టరు కావలెను. పదునొకండు నెలల యొడంబడిక యను వాడుక దీని చాటుననే పుట్టినది. కాని 1999 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, గడువుతో నిమిత్తము లేకుండ స్థిరాస్తి కవుళ్లనన్నిటిని తప్పనిసరి రిజిస్ట్రేషను క్రిందికి తెచ్చినది. ఢిల్లీలో చెల్లు పదునొకండు నెలల పద్ధతినే తెలుగుదేశమునందలి యింటికిని వర్తింపజేసి, స్టాంపు కాగితముపై సంతకములు తీసికొని నిశ్చింతగా నుండువారు ఈ భేదమును గమనింపవలెను. రిజిస్టరు కావలసి కాని పత్రమును, అందలి గడువును షరతులను రుజువు చేయుటకు న్యాయస్థానము సాక్ష్యముగా గ్రహింపదు. మహారాష్ట్రమున సైతము 1999 నాటి అద్దె చట్టము ఒడంబడిక వ్రాతపూర్వకమై రిజిస్టరు కావలెననుచున్నది. ఆ బాధ్యత యజమానిదే. పేరు రిజిస్ట్రేషనుకై వెచ్చింపదలచిన సొమ్మును శ్రమను సబ్ రిజిస్ట్రారు కచ్చేరికి మరల్చుట యుక్తము.

వ్యాపార నామమునకు అనుకూలముగా చెప్పదగిన మాటలును లేకపోలేదు. ఒంటరిగా నుండు వృద్ధురాలు తన పేరును చిరునామాను అద్దెకుండువారి కెల్ల తెలియనీయ నొల్లకపోవచ్చును. ఆ భయము న్యాయమైనదే. కాని ఒడంబడికలో యజమాని పేరును వ్రాయక తప్పదు. రాకపోకలు, వసూళ్లు, మరమ్మతుల మాటలు మాత్రము కొడుకో నమ్మకమైన ఏజెంటో చూచునట్లు అధికారపత్రము వ్రాయవచ్చును. ఇంటిలో ఎవరైన జారిపడిన నష్టపరిహారపు బాధ్యత తన ఆస్తియంతటిపై పడకుండ కంపెనీ పెట్టుట మేలని మరికొందరందురు. వట్టి పేరు ఆ రక్షణ నీయదు; నిజముగా కంపెనీయే కావలెను, ఇంటిని దానికి బదిలీ చేయవలెను. అపుడు స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము, మూలధన లాభముపై పన్ను, ఏటేట లెక్కల తనిఖీ, దాఖలాలు. ఒక వాటా యద్దెకు ఇంత మోత తగదు. బీమా పాలసీ చాలును.

అద్దె నిజముగా వ్యాపారముగా మారు సందర్భములును కలవు. హైదరాబాదు గచ్చిబౌలి ప్రాంతమున వలె గదికి ముగ్గురు నలుగురిని చేర్చి, భోజనము పెట్టి, వంటవారిని పనివారిని ఉంచి హాస్టలు నడుపువాడు గృహస్థు కాడు, వ్యాపారి. యాత్రికులకు దినమునకింత యని గదులిచ్చువాడును అంతే. వారికి పురపాలక సంఘపు లైసెన్సు, ఆహార భద్రతా రిజిస్ట్రేషను, పనివారిని గూర్చిన నమోదులు, పన్నుల నమోదులు తమ తమ పరిమితుల ననుసరించి వచ్చును, పేరును కావలెను. ఆ పని ఉద్యోగములో నున్నవాడు అనుమతి లేక చేయరాదు. 1867 నాటి సరాయిల చట్టము సయితము మేజిస్ట్రేటు రిజిస్టరులో వ్రాయుమన్నది సరాయి నడుపువాని పేరును, నివాసమును, సరాయి యున్న చోటును. ఆనాటికిని ఈనాటికిని ప్రభుత్వము అడుగునది మనిషినే.

కావున చిన్న యజమాని సరిచూచుకొనవలసిన పేరు ఒక్కటే. అది తన పేరు. తెలుగువారికి ఇచ్చటనే అసలు చిక్కున్నది. దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా ముందుండును. పాన్ కార్డులో అది చివరకు పోవును. కార్యాలయపు రికార్డులో రెండు పొడి యక్షరములుగా కుదించుకుపోవును. బ్యాంకు పుస్తకములో ఒక యక్షరమే మిగులును. భార్య పేరునకు ఒకచోట పుట్టినింటి పేరు, మరొకచోట మెట్టినింటి పేరు. ఇవన్నియు ఒకే మనిషివని ఊరివారెరుగుదురు, కచ్చేరీలోని కంప్యూటరెరుగదు. క్రయ దస్తావేజు, పురపాలక పన్ను రశీదు, పాన్ కార్డు, బ్యాంకు పుస్తకము, అద్దె ఒడంబడిక – ఈ అయిదింటిని ఒక సాయంకాలము బల్లమీద పరచుకొని, అయిదింట ఒకే పేరు ఒకే విధముగా నున్నదా యని దంపతులిరువురు కలసి చూచుకొనవలెను. తేడా యున్నచో యజమాని బ్రతికియుండగనే దిద్దించుకొనవలెను. ఆయన సంతకముతో కొన్ని వారములలో తీరు పని, ఆయన తరువాత వారసత్వ పత్రములతోను సాక్షులతోను ఏండ్లు పట్టును.

ఇంటి ముందరి పాలరాతి పలక అట్లే యుండనిండు. దానిమీద తల్లి పేరున్నను దైవము పేరున్నను ఏ చట్టమును అభ్యంతరము చెప్పదు. అది ఇంటికి శోభ. రశీదుమీద మాత్రము ఇంటిపేరుతో సహా యజమాని నిండు పేరు ఉండవలెను. తన తరువాత ఆ రశీదు పుస్తకము నందుకొను ఇల్లాలు, "ఈ పేరెవరిది?" యని ఎవరు అడిగినను, "నా భర్తది" యని ఒక్క మాటతో చెప్పగలిగియుండవలెను.